పాత కంప్రెసర్ ట్యాంకును కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎయిర్ కంప్రెసర్ల గురించి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సెకండ్ హ్యాండ్ యంత్రాల ట్యాంకుల చుట్టూనే తిరుగుతున్నందువల్ల, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒకరి ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: నేను వాహనాలకు పెయింటింగ్ చేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను. 200 లీటర్ల అడ్డ ట్యాంకు ఉన్న పాత కంప్రెసర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. అది తయారై 15 ఏళ్లు అయింది. మోటారు శబ్దం నెమ్మదిగా ఉంది, ట్యాంకుకు కొత్తగా పెయింటు వేశారు. లోపల తుప్పు సంగతి అడిగితే అమ్మేవారు, "మీ కళ్లముందే 8 బార్ల దాకా గాలి ఎక్కించి చూపిస్తాను, నిలబడితే ట్యాంకు మంచిదే కదా" అంటున్నారు. ఆ మాటను నమ్మవచ్చా? ట్యాంకును ఏయే విధాలుగా పరీక్షించాలి?

జవాబు: ట్యాంకు ఈరోజు 8 బార్లకు నిలబడిందంటే ఈరోజు నిలబడిందనే అర్థం. నిన్న కూడా అది అదే ఒత్తిడిలో పనిచేసింది కాబట్టి ఈ ప్రదర్శన వల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. మొదట 4 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు అడుగున 2 మిల్లీమీటర్లకు తరిగిపోయినా చాలాకాలం గాలిని పట్టి ఉంచగలదు. తెగే రోజు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండానే తెగవచ్చు. పైగా, అనుమానం ఉన్న ట్యాంకు పక్కన నిలబడి దానిలోకి గాలి ఎక్కిస్తూ చూడటమే మీరు చేయగల పరీక్షలన్నింటిలో అపాయకరమైనది. అందువల్ల ఆ ప్రదర్శనను చివరికి వాయిదా వేయించి, మిగిలిన పరీక్షలను గాలి పూర్తిగా ఖాళీ అయిన ట్యాంకు మీద ముందుగా చేయండి.

సాధారణంగా కొనేవారు మోటారుతో మొదలుపెట్టి, పంపు శబ్దం విని, బెల్టు చూసి, చివరగా ట్యాంకు మీద చెయ్యి వేసి ఊరుకుంటారు. నా అభిప్రాయంలో ఈ వరుస తలకిందులు కావాలి. మోటారుకు వైండింగ్ చేయించవచ్చు, పంపుకు రింగులూ వాల్వ్ ప్లేట్లూ మార్చవచ్చు, ఒత్తిడిని బట్టి మోటారును ఆపి నడిపే ప్రెజర్ స్విచ్ కొత్తది తెచ్చుకోవచ్చు. లోపల తుప్పు తిన్న ట్యాంకుకు మాత్రం మరమ్మతు అనేది లేదు. అది పనికిరాదని తేలితే మిగిలిన భాగాలను విడి సామానుగా లెక్కగట్టి బేరమాడాలి తప్ప, నడిచే యంత్రంగా కాదు.

ట్యాంకు లోపల నీరు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 70 శాతం ఉన్న రోజున అందులో దాదాపు 21 గ్రాములు ఉంటాయి. 8 బార్ల గేజ్ ఒత్తిడికి (అంటే బయటి గాలి ఒత్తిడికి పైన మరో 8 బార్లకు) తేవాలంటే అటువంటి గాలిని 9 ఘనమీటర్లు తీసుకుని ఒక ఘనమీటరులోకి కుదించాలి. ఆ 9 ఘనమీటర్లలో 190 గ్రాముల నీరు ఉంటుంది, కుదించిన గాలి చల్లబడ్డాక అది మోయగలిగేది ఆ 30 గ్రాములే. మిగిలిన 160 గ్రాములు నీరుగా మారి ట్యాంకులోనో, దాని తరువాతి పైపులలోనో దిగిపోతాయి. నిమిషానికి 300 లీటర్ల గాలిని పీల్చే యంత్రం గంటసేపు ఆగకుండా నడిస్తే ఈ లెక్కన 300 గ్రాములకు పైగా నీరు దిగుతుంది. నీటిని వదిలే అడుగు కాక్‌ను, అంటే డ్రెయిన్‌ను, రోజూ తెరవని చోట ఆ నీరంతా ట్యాంకు అడుగున నిలిచి, రేకును లోపలి నుంచి కొరుకుతుంది.

అందుచేత అడ్డ ట్యాంకులో తుప్పు అడుగు భాగాన, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక చారలాగా ఏర్పడుతుంది. నీటిమట్టం నిలిచిన అంచు వెంబడి గుంటలు మరింత లోతుగా పడటం కూడా కద్దు. నిలువు ట్యాంకులో ఇదే పని అడుగు మూత దగ్గర జరుగుతుంది. డ్రెయిన్ రంధ్రం అన్నింటికంటే పల్లంలో కాక కొంచెం పక్కన ఉంటే, ఎన్నిసార్లు తెరిచినా కొంత నీరు మిగిలే ఉంటుంది.

పరీక్షకు ముందు కరెంటు తీగను ప్లగ్గు నుంచి తీసివేయించండి. గేజ్ ముల్లు సున్నా మీద ఉందని నమ్మవద్దు. పాత గేజ్‌లలో ముల్లు సున్నా దగ్గరే బిగుసుకుపోయి ఉండవచ్చు. డ్రెయిన్ కాక్‌ను పూర్తిగా తెరిచి, శబ్దం ఆగేదాకా ఆగి, ఒత్తిడి మితిమీరితే గాలిని వదిలే సేఫ్టీ వాల్వ్ రింగును కూడా లాగి చూసి, అప్పుడు ట్యాంకు ఖాళీ అయిందని అనుకోండి.

డ్రెయిన్ నుంచి వచ్చేదాన్ని నేల మీద పోనివ్వకుండా తెల్లటి డబ్బాలోకి పట్టండి. పాలవంటి తెల్లటి నీరు వస్తే అది కంప్రెసర్ నూనె కలిసిన నీరు. అది చూడటానికి బాగుండకపోయినా ట్యాంకుకు అంత చెడ్డది కాదు, ఎందుకంటే నూనె పొర రేకును కొంతవరకు కాపాడుతుంది. లేత గోధుమరంగు నీరు ప్రతి పాత ట్యాంకులోనూ మామూలే. ముదురు ఎరుపు బురద, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడే పెచ్చులు వస్తే మాత్రం లోపల రేకు పొరలు పొరలుగా ఊడుతోందని అర్థం. అసలు ఏమీ రాకపోతే సంతోషించవద్దు. డ్రెయిన్ తుప్పుతో పూడుకుపోయి ఉండవచ్చు. ఖాళీ ట్యాంకులో ఆ రంధ్రం గుండా ఒక తీగను పోనిచ్చి చూడండి. తీగ వెళ్లగానే నీరు బుడబుడమని వస్తే, ఆ ట్యాంకు ఎంతకాలం నీళ్లు మోసుకుంటూ పనిచేసిందో ఊహించుకోవచ్చు.

తరువాత లోపలికి చూడాలి. చాలా ట్యాంకులకు కొసలలో గానీ పక్కన గానీ ఒక పెద్ద ప్లగ్గు ఉంటుంది. అది తనిఖీ కోసం పెట్టినదే. దాన్ని విప్పించి, ఫోన్‌కు తగిలించుకునే చిన్న కెమెరాను లోపలికి దింపి, అడుగు భాగాన్ని కొస నుంచి కొస దాకా నెమ్మదిగా చూడండి. పలచటి ఎర్రటి పొర భయపడాల్సినది కాదు. వాపులాగా లేచిన పొక్కులు, వాటి కింద గిన్నెలవంటి గుంటలు, వెల్డింగ్ కుట్టు వెంబడి నల్లటి గాడి కనిపిస్తే ఆ బేరం అక్కడితో ముగించవచ్చు. ప్లగ్గు విప్పడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, లేదా అది ఎన్నడూ విప్పకుండా బిగుసుకుపోయి ఉంటే, సేఫ్టీ వాల్వ్ రంధ్రం గుండా చూసే వీలు ఉంటుందేమో అడగండి.

బయటి వైపు చూసేటప్పుడు కొత్త పెయింటును మెరుగుగా కాక అడ్డుతెరగా భావించండి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ట్యాంకుల విషయంలో అక్షరాలా నిజమవుతుంది. యంత్రం కిందికి అద్దాన్ని, టార్చిలైటును పోనిచ్చి, కాళ్లు వెల్డింగ్ చేసిన చోట్లనూ, మోటారు పంపులు కూర్చునే పీట ట్యాంకుకు అతికిన అంచులనూ జాగ్రత్తగా పరిశీలించండి. యంత్రం నడిచినంతసేపూ అదురు అంతా ఆ వెల్డింగ్ అంచుల మీదే పడుతుంది. సన్నటి పగుళ్లు ముందుగా అక్కడే పుడతాయి. యంత్రాన్ని రబ్బరు దిండ్లు లేకుండా ఎగుడుదిగుడు నేలకు బోల్టులతో బిగించి వాడి ఉంటే ఈ ప్రమాదం మరింత ఎక్కువ. తయారీలో లేని వెల్డింగ్ ముద్దలు, అతికిన రేకు ముక్కలు, ఇత్తడి రంగు అతుకులు, గ్రైండింగ్ చేసి పుటీ పూసిన మచ్చలు ఏ ఒక్కటి కనిపించినా నేనైతే ఆ ట్యాంకును కొనను. పుటీ అనుమానం ఉన్నచోట చిన్న అయస్కాంతం పెట్టి చూస్తే, పట్టు తగ్గిన చోటు బయటపడుతుంది.

ఖాళీ ట్యాంకు అడుగున చిన్న సుత్తితో తేలికగా తట్టుకుంటూ పోవడం పాత బాయిలర్ తనిఖీదారుల పద్ధతి. మంచి రేకు గంటలాగా మోగుతుంది. పలచబడి తుప్పు పట్టిన చోట శబ్దం మొద్దుగా, చచ్చుగా వస్తుంది. అనుభవం లేని చెవికి ఈ తేడా అంత స్పష్టంగా తెలియకపోవచ్చు కాబట్టి దీన్ని తోడు సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి. గాలి ఉన్న ట్యాంకును ఎట్టి పరిస్థితిలోనూ తట్టవద్దు.

ఇవన్నీ అనుమానాన్ని పెంచడానికో తగ్గించడానికో పనికివచ్చేవి. అంకెతో తేల్చేది అల్ట్రాసోనిక్ మందం గేజ్ ఒక్కటే. ఇది బయటి నుంచి ధ్వని తరంగాన్ని పంపి, లోపలి అంచు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మందాన్ని చెబుతుంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. పెయింటులో దాని వేగం అందులో సగం కూడా ఉండదు. అందువల్ల మామూలు గేజ్‌ను పెయింటు మీద పెట్టి కొలిస్తే 0.3 మిల్లీమీటర్ల పెయింటు కూడా దాదాపు 0.75 మిల్లీమీటర్ల ఉక్కుగా లెక్కలోకి వచ్చి, పలచటి రేకు మందంగా కనిపిస్తుంది. కొలిచే చోట రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకించండి, లేదా రెండు ప్రతిధ్వనుల మధ్య కాలాన్ని కొలిచి పెయింటును లెక్క నుంచి తీసివేసే గేజ్‌ను అద్దెకు తెచ్చుకోండి. ఇంకొక చిక్కు కూడా ఉంది: కొన్ని మామూలు ప్రోబులు (రేకు మీద ఆనించే గేజ్ మొనలు) ఒక మిల్లీమీటరు కంటే పలచబడ్డ రేకును రెట్టింపు మందంగా చూపిస్తాయి. చుట్టుపక్కల 2.5 చూపించి, ఒకచోట మాత్రం ఏదో పొంతన లేని అంకె చూపిస్తే ఆ చోటును వదిలేయవద్దు.

కొలతలను అడుగు మధ్యగీత వెంబడి ప్రతి 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, దానికి ఇరువైపులా నీటి అంచు ఉండే ఎత్తులో మరో రెండు వరుసలు తీసుకోండి. తరువాత ట్యాంకు పైభాగాన నాలుగైదు చోట్ల కొలవండి. పైభాగంలో నీరు నిలవదు కాబట్టి అక్కడి అంకె దాదాపు మొదటి మందాన్ని చెబుతుంది. రెండింటి తేడాయే 15 ఏళ్లలో పోయిన ఉక్కు.

ఎంత పోతే ఎక్కువ అన్న ప్రశ్నకు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతాను. 500 మిల్లీమీటర్ల వ్యాసం, 10 బార్ల (అంటే 1 మెగాపాస్కల్) ఒత్తిడి అనుకోండి. ఒత్తిడిని వ్యాసార్థంతో గుణించి, ఉక్కుకు అనుమతించే బలాన్ని వెల్డింగ్ జాయింటు సామర్థ్యంతో (మామూలు రేకు బలంలో అతుకుకు ఎంత వంతు ఉందని లెక్కించే అంకెతో) గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ఉక్కుకు 120 మెగాపాస్కళ్లు, జాయింటుకు 0.7 తీసుకుంటే జవాబు సుమారు 3 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ ట్యాంకు పైభాగాన 4 మిల్లీమీటర్లు, అడుగున 3.3 మిల్లీమీటర్లు చూపిస్తే 15 ఏళ్లలో 0.7 మిల్లీమీటర్లు పోయింది, ఆ 3 మిల్లీమీటర్లకు పైన ఇంకా మిగిలినది 0.3 మిల్లీమీటర్లు. అదే వేగంతో పోతే ఆరేళ్లకు పైగా వస్తుందనిపిస్తుంది గానీ, తుప్పు గుంటలు లెక్క ప్రకారం పెరగవు కాబట్టి మూడేళ్లలోపే మళ్లీ కొలవాలి. అడుగున ఎక్కడైనా 3 కంటే తక్కువ చూపిస్తే ఆ ట్యాంకు నేమ్ ప్లేట్ మీది ఒత్తిడికి పనికిరానిది. "తక్కువ ఒత్తిడిలో వాడుకుంటాను లెండి" అనుకునే ఆశ చాలామందికి కలుగుతుంది. ఆ పలచదనం ఎక్కడ ఆగిందో కొలవకుండా అటువంటి నిర్ణయం తీసుకోకూడదు. ఆ ట్యాంకు మూత మీద 8 బార్ల దగ్గర పడే తోపు 16 టన్నుల బరువుతో సమానం. గుండ్రటి గోడను చీల్చే లాగుడు, పొడవునా సాగదీసే లాగుడుకు రెట్టింపు ఉంటుంది. అడుగున పొడవుగా ఏర్పడే తుప్పు చార సరిగ్గా ఆ పెద్ద లాగుడుకు ఎదురుగా పడుతుంది, అందుకే దాని విషయంలో ఇంతగా చెబుతున్నాను.

ప్రశ్న: ట్యాంకుకు నేమ్ ప్లేట్ లేదు. పంపు మీద ఉన్న ప్లేటులో 10 బార్లు అని ఉంది. దాన్నే లెక్కలోకి తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకూడదు. కంప్రెసర్ మీద మూడు వేర్వేరు ప్లేట్లు ఉండవచ్చు: మోటారుది, పంపుది, ట్యాంకుది. పంపు 10 బార్లు ఇవ్వగలదంటే కింద ఉన్న ట్యాంకు దాన్ని మోయగలదని కాదు. ముఖ్యంగా పంపును ఎప్పుడైనా మార్చి ఉంటే ఈ రెండింటికీ పొంతనే ఉండదు. ట్యాంకు ప్లేటు ట్యాంకు ఒంటికే, లేదా దానికి వెల్డింగ్ చేసిన చిన్న పట్టీకి ఉంటుంది. దాని మీద అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి, ఘనపరిమాణం, తయారైన సంవత్సరం, క్రమసంఖ్య, ఏ ప్రమాణం ప్రకారం చేశారో ఉండాలి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమైన ఏఎస్‌ఎంఈ నియమావళి ప్రకారం చేసినవాటికి 'యూ' ముద్ర, చిన్న ట్యాంకులకు 'యూఎం' ముద్ర ఉంటాయి. ఐరోపాలో గాలి ట్యాంకులకు 'ఈఎన్ 286-1' అని రాసి ఉండటం సాధారణం. అనేక దఫాలు పెయింటు వేసినందువల్ల ప్లేటు కనబడకుండా పోయి ఉండవచ్చు. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి చూసిన తరువాతే లేదని నిర్ణయించుకోండి. నిజంగానే లేకపోయినా, పీకేసిన గుర్తులు కనిపించినా, ఆ ట్యాంకు ఎంత మోయడానికి పుట్టిందో చెప్పే ఆధారం ఇక ఏదీ లేనట్టే. అటువంటిదాన్ని కొనమని నేను చెప్పలేను.

ప్లేటు దొరికితే వెంటనే సేఫ్టీ వాల్వ్ మీద చెక్కిన అంకెతో పోల్చండి. వాల్వ్ తెరుచుకునే ఒత్తిడి ట్యాంకు గరిష్ఠ ఒత్తిడికి సమానంగా గానీ తక్కువగా గానీ ఉండాలి. వాల్వ్‌కూ ట్యాంకుకూ మధ్య మూసే కాక్ ఉండకూడదు. వాల్వ్ తీసి ప్లగ్గు బిగించిన యంత్రాలు కూడా అమ్మకానికి వస్తుంటాయి. దాన్ని చూసిన క్షణంలోనే మునుపటి యజమాని ఆ యంత్రాన్ని ఎలా చూసుకున్నాడో మీకు తెలిసిపోతుంది. కొన్న తరువాత, పాత వాల్వ్ ఎంత బాగున్నట్టు కనిపించినా, కొత్తది వేసుకోవడమే మంచిది.

ప్రశ్న: ట్యాంకును నీటితో పరీక్షించాలని ఒకరు, గాలితోనే కొంచెం ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తే చాలని మరొకరు అంటున్నారు. నీటి పరీక్షకు 1.3 రెట్లు పెట్టాలా, 1.5 రెట్లు పెట్టాలా అన్నదానిలో కూడా ఏకాభిప్రాయం లేదు.

జవాబు: నీటితోనే చేయాలి. ఎందుకో అంకెలలో చెబుతాను. 200 లీటర్ల ట్యాంకులో 10 బార్ల గాలి ఒక్కసారిగా విడుదలైతే వెలువడే శక్తి సుమారు 2,70,000 జౌళ్లు, అంటే ఒక టన్ను బరువును 27 మీటర్ల ఎత్తుకు విసరడానికి సరిపోయేంత. అదే ట్యాంకును పూర్తిగా నీటితో నింపి అదే ఒత్తిడి పెడితే, నీరు కుదించుకుపోవడంలోనూ రేకు సాగడంలోనూ దాగే శక్తి అంతా కలిపినా 100 జౌళ్ల ప్రాంతంలోనే ఉంటుంది. ట్యాంకు తెగినా నీరు చిమ్మి, ముల్లు పడిపోతుంది, అంతే. అయితే ఈ భద్రత లోపల గాలి మిగలకుండా నింపినప్పుడే దక్కుతుంది. పైభాగాన ఉన్న రంధ్రం తెరిచి ఉంచి, దాని నుంచి బుడగలు లేని నీరు పొంగేదాకా నింపి, ఆ తరువాతే మూయాలి.

మీరు విన్న రెండు అంకెలూ అబద్ధం కావు. ఏఎస్‌ఎంఈ నియమావళిలో ప్రెజర్ వెసల్స్‌కు (ఒత్తిడిని మోసే ట్యాంకులకు) నీటి పరీక్ష ఒకప్పుడు గరిష్ఠ ఒత్తిడికి 1.5 రెట్లు ఉండేది. 1999లో దాన్ని 1.3 రెట్లకు తగ్గించారు. పాత ట్యాంకుకు దాని ప్లేటు మీద పరీక్ష ఒత్తిడి రాసి ఉంటే దాన్ని దాటవద్దు. రాసి లేకపోతే 1.3 రెట్లు చాలు. తరిగిపోయిన రేకును అనవసరంగా ఎక్కువ ఒత్తిడికి గురిచేయడం వల్ల మంచి జరగదు.

పరీక్షకు పంపునూ ప్రెజర్ స్విచ్‌నూ సేఫ్టీ వాల్వ్‌నూ తీసి ఆ రంధ్రాలకు ప్లగ్గులు బిగించాలి. 200 లీటర్ల నీరు 200 కిలోలు కాబట్టి కింది కాళ్లూ నేలా ఆ బరువు మోయగలవో లేదో ముందే చూడాలి. చేతి పంపుతో ఒత్తిడిని నెమ్మదిగా పెంచి, నమ్మకమైన గేజ్‌తో ఒక అరగంట గమనించండి. ముల్లు దిగకూడదు, వెల్డింగ్ కుట్లు చెమర్చకూడదు, మూతలు ఉబ్బకూడదు. ఒత్తిడి దింపిన తరువాత ట్యాంకును ఆరబెట్టడం మరిచిపోతే, తుప్పు ఉందో లేదో చూడటానికి చేసిన పరీక్షే దాన్ని పెంచుతుంది. ఇంకో మాట: ఈ పరీక్ష ఆరోజుకు ఉన్న బలాన్ని చెబుతుంది కానీ ఎన్నేళ్లు మిగిలాయో చెప్పదు. దానికి మందం కొలతే కావాలి. రెండింటిలో ఒకదాన్నే చేయించగలిగితే, నేను మందం కొలతనే ఎంచుకుంటాను.

ప్రశ్న: కొన్న ట్యాంకు అడుగున సూదిమొనంత రంధ్రం నుంచి గాలి పోతోంది. వెల్డింగ్ చేసేవారు రెండు నిమిషాల పని అంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: చేయించవద్దు. వెంటనే కరెంటు తీసి, గాలి పూర్తిగా వదిలేయండి. ఆ రంధ్రం ఒక్కటే చెడిన చోటు అయితే రెండు నిమిషాల పనే. కానీ బయటికి కనిపించే ఆ సూదిమొన లోపల ఉన్న గుంటకు అడుగు మాత్రమే. దాని చుట్టూ అరచేయంత మేర రేకు కాగితంలాగా పలచబడి ఉంటుంది. వెల్డింగ్ వేడి ఆ పలచటి రేకును కరిగించి పెద్ద రంధ్రం చేస్తుంది, లేదా అతుకు అంచున కొత్త బలహీనతను మిగులుస్తుంది. లోపల నూనె ఆవిరి ఉంటే వేడికి అది అంటుకునే ప్రమాదం కూడా లేకపోలేదు. ఎపాక్సీ, స్క్రూ, రబ్బరు ముక్క వంటివి గాలి శబ్దాన్ని ఆపి లోపాన్ని దాచుతాయి. నిజానికి అలా రంధ్రం పడి గాలి పోవడమే అదృష్టం, ఎందుకంటే అదే రేకు పొడవునా ఒకేసారి తెగి ఉండవచ్చు. ఆ ట్యాంకును పాత ఇనుముకు ఇచ్చేటప్పుడు ఎవరూ మళ్లీ గాలి నింపకుండా గ్రైండర్‌తో ఒక పెద్ద కోత కోసి ఇవ్వండి.

ప్రశ్న: ట్యాంకు చిన్నది కాబట్టి ఖాళీ వంటగ్యాస్ సిలిండరును దానికి కలిపి నిల్వ పెంచుకోవచ్చా?

జవాబు: సిలిండరు మందంగానే ఉంటుంది గానీ, అది పొడి గ్యాస్ కోసం చేసినది. దానికి అడుగున డ్రెయిన్ ఉండదు, లోపలికి చూసే ప్లగ్గు ఉండదు. డ్రెయిన్ పెట్టడానికి రంధ్రం చేసి వెల్డింగ్ చేస్తే, మిగిలిన గ్యాస్ వల్ల ఆ పనే ప్రాణాంతకం కావచ్చు. అమ్మకానికి వచ్చిన కంప్రెసర్‌కు ఇటువంటి అదనపు సిలిండరు తగిలించి ఉంటే, దాన్ని తీసివేయించి మిగిలిన యంత్రాన్ని మాత్రమే పరిశీలించండి.

ప్రశ్న: అన్నీ చూశాక, చివరగా గాలి ఎక్కించినప్పుడు ఏం గమనించాలి? రాత్రి ఎక్కించిన గాలి ఉదయానికి తగ్గిపోతే అది ట్యాంకు లోపమేనా?

జవాబు: గాలి ఎక్కించే ముందు డ్రెయిన్‌ను మీరే తెరిచి నీరంతా పోనివ్వండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నీరు మిగిలితే పంపు పరీక్ష మిమ్మల్ని మోసం చేస్తుంది. పంపు సత్తా తెలుసుకోవడానికి సున్నా నుంచి 7 బార్లకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూస్తాము కదా. ట్యాంకు లీటర్లను బార్లతో గుణించి నిమిషాలతో భాగిస్తే నిమిషానికి వచ్చే గాలి తెలుస్తుంది. 200 లీటర్ల ట్యాంకు 5 నిమిషాలలో 7 బార్లకు చేరితే అది నిమిషానికి 280 లీటర్లు. లోపల 40 లీటర్ల నీరు ఉంటే గాలికి మిగిలే చోటు 160 లీటర్లే కాబట్టి అదే పంపు 4 నిమిషాలలోనే ముగించి, కొత్తదానిలాగా కనిపిస్తుంది. నీరు నిండిన ట్యాంకు, అరిగిన పంపు ఒకదాని లోపాన్ని ఒకటి కప్పిపుచ్చే సందర్భం ఇది.

ఎక్కిన వెంటనే ముల్లు కొంత దిగితే కంగారుపడవద్దు. కుదించిన గాలి వేడిగా ఉంటుంది. 60 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లబడినా 8 బార్లు ఉన్నచోట సుమారు 7.2 చూపిస్తుంది, ఏ కారుడూ లేకుండానే. కాబట్టి ట్యాంకు చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు ముల్లు ఉన్న చోటును గుర్తుపెట్టుకోండి. ఆ తరువాత కూడా దిగుతుంటే ముందుగా ప్రెజర్ స్విచ్ కింద ఉన్న చిన్న వాల్వ్ దగ్గర చెవి పెట్టండి. పంపు ఆగిన చాలాసేపటి తరువాత కూడా అక్కడ సన్నగా బుసకొడుతుంటే, ట్యాంకు ముఖద్వారంలోని నాన్-రిటర్న్ వాల్వ్ గాలిని వెనక్కి వదులుతోందని అర్థం. దాన్ని గాలి ఖాళీ చేసిన ట్యాంకు మీద విప్పి శుభ్రం చేయవచ్చు, లేదా మార్చవచ్చు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే జాయింట్లకూ కాక్‌లకూ సబ్బు నురగ పూసి చూడండి. ఉదయానికి గాలి తగ్గిన యంత్రాలలో ఎక్కువ వాటికి కారణం ఈ చిన్న భాగాలలోనే దొరుకుతుంది. మిగిలిన అన్ని చోట్లా నురగ నిశ్చలంగా ఉండి, ట్యాంకు ఒంటి మీదో, కాళ్ల వెల్డింగ్ దగ్గరో, అడుగున పెయింటు పొక్కు మీదో బుడగ లేస్తే, వేలితో దాన్ని తాకి చూడకుండా, దూరంగా జరిగి స్విచ్ ఆపించి, సేఫ్టీ వాల్వ్ రింగుకు తాడు కట్టి దూరం నుంచి లాగి గాలి వదిలేయించండి.